గ్రామ పంచాయతీయు ఛాయాచిత్రముల పనియు: ఏర్పాటు, నిర్వహణ, అప్పగింత

గ్రామములలో రోడ్లు, చెరువులు, మురుగుకాలువలు, మంచినీటి పథకములు నిర్మించుటయందు పంచాయతీలు చూపు శ్రద్ధ, ఆ పనులను చిత్రరూపమున భద్రపరచుటయందు సాధారణముగా కానరాదు. బిల్లునకు జతపరచుటకు ఒక ఫోటో, ప్రారంభోత్సవమునాడు పూలదండలతో ఒక ఫోటో తీయించి అంతటితో తృప్తిపడుట వాడుక. పదేండ్ల తరువాత ఆ చెరువుకట్ట పూర్వము ఎంత ఎత్తున ఉండెడిదో, ఆ వాగుగట్టు ఎచ్చట వరకు ఉండెడిదో చూపుమని ఎవరైన అడిగినచో చూపుటకు ఏమియు ఉండదు.

ఇది చిన్న నష్టము కాదు. 2021 నవంబరు మాసమున కడప ప్రాంతమును వరదలు ముంచెత్తినవి. చెయ్యేటిపై అన్నమయ్య జలాశయము కట్ట తెగినది. కమలాపురము వద్ద పాపఘ్ని నదిపైని వంతెన కూలినది. ఇట్టి విపత్తు సంభవించినప్పుడు నష్టమును అంచనా కట్టు అధికారి మొదట అడుగునది ‘వరదకు ముందు ఇచ్చట ఏమి ఉండెను?’ అని. వరద పోయిన పిమ్మట తీసిన ఫోటో సగము సాక్ష్యము మాత్రమే. తక్కిన సగము వరద రాకముందే తీయించి ఉంచుకొనవలసినది. పాపఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లె వంటి గ్రామములకు ఈ విషయము మరింత ముఖ్యము.

కనుక వృత్తి తెలిసిన ఫోటోగ్రాఫరుకు పని అప్పగించి, సక్రమముగా చేయించుకొని, ఫలితమును భద్రపరచుకొను విధానమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఆ విధానమును వేంపల్లెను దృష్టాంతముగా గైకొని ఇచ్చట వివరింపబడుచున్నది.

పూర్వుల అనుభవము

ఛాయాగ్రహణ విద్య 1839లో లోకమునకు వెల్లడియైనది. అటుపిమ్మట ఇరువది ఏండ్లు గడవకముందే మన దేశమున ప్రభుత్వములు దానిని తమ పనులకు వినియోగించుకొన మొదలిడినవి. లినేయస్ ట్రైప్ అను సైనికాధికారి 1855లో బర్మాకు పోయిన రాయబార బృందముతో వెళ్లి, మైనము పట్టించిన కాగితముపై చిత్రములను తీసెను. వానినుండి 120 చిత్రములను ఎంపిక చేసి, వరుస సంఖ్యలు, వివరణలు చేర్చి, 50 సంపుటములుగా ప్రభుత్వమునకు అందజేసెను. పిమ్మట మద్రాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఎన్ని చిత్రములు, ఏ వరుసలో, ఎన్ని ప్రతులు, ఎవరికి అను నాలుగు అంశములు అప్పగింతలో ముఖ్యమని దీనినుండి గ్రహింపవచ్చును.

రెండవ ఉదాహరణము రాజా దీనదయాళ్. ఈయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందూరులో మరామతు శాఖయందు పనిచేయుచు ఛాయాగ్రహణము నేర్చెను. తరువాత సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేక స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్లేయ స్త్రీకి అప్పగించెను. ఎవరి చిత్రము తీయవలెనో వారి మర్యాదకు తగినట్లు ఏర్పాటు మార్చుకొనుట ఇందలి నీతి. ఆయన 1905లో మరణించెను. ఆయన గాజు నెగటివులలో 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించినది. సంఖ్యయు పేరును చేర్చి భద్రపరచిన చిత్రము తీసినవాని జీవితకాలమునకు మించి నిలుచును.

మూడవ ఉదాహరణము హెచ్చరిక వంటిది. 1876–78 నాటి మహాక్షామము కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఘోరముగా పీడించినది. ఆ కాలమున విల్లోబీ వాలేస్ హూపర్ అను సైనికాధికారి మద్రాసు రాష్ట్రమున ఆకలితో శుష్కించిన జనులను గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఆ చిత్రములు క్షామ తీవ్రతను లోకమునకు చాటినమాట నిజము. కాని బాధితులకు సాయపడుటకు బదులు వారిని వస్తువులవలె నిలిపి చిత్రించినాడని ఆయనపై తీవ్ర విమర్శ వచ్చినది. ఆ చిత్రములలోని వారి పేర్లు మనకు తెలియవు. వారు మన జిల్లాలవారి వంటివారే. బీదవాని ఫోటో తీయించునప్పుడు ఈ సంగతిని మరువరాదు.

ప్రయోజనము నిర్ణయించుట

ఫోటోగ్రాఫరును పిలుచుటకు ముందు పంచాయతీ తనలో తాను తేల్చుకొనవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఈ చిత్రములు ఎవరు చూచుటకు, ఏ నిర్ణయమునకు తోడ్పడుటకు? దీనికి జవాబు లేకుండ ‘ఊరిని మంచిగా ఫోటోలు తీయుము’ అని చెప్పినచో ఆ మనిషి తనకు నచ్చినవి తీసికొనిపోవును. తప్పు ఆతనిది కాదు.

ప్రయోజనములు సాధారణముగా మూడు విధములు. మొదటిది సాక్ష్యము: నిర్మాణ పనులు, వాగుగట్లు, ప్రభుత్వ భూముల హద్దులు. దీనికి అందము కంటె స్పష్టత, తేదీ, స్థలము ముఖ్యము. రెండవది ప్రచారము: తిరునాళ్లు, సంత, చీనీ తోటలు, గ్రామ ఉత్పత్తులు. దీనికి చూడముచ్చటగా ఉండుట అవసరము. మూడవది స్మృతి: పాత ఇండ్లు, బావులు, వృత్తులు, వృద్ధుల ముఖములు. దీనికి ఓపికయు, జనులతో పరిచయమును కావలెను. ఒకే పనిలో మూడును కలుపవచ్చును గాని, ఏది ప్రధానమో ముందే చెప్పవలెను. ఖర్చు, దినములు, పరికరములు అన్నియు దానిని బట్టి మారును.

చిత్రముల పట్టిక

ప్రయోజనము తేలిన పిమ్మట పంచాయతీ సభ్యులు, కార్యదర్శి, ఫోటోగ్రాఫరు కలిసి ఒక దినము ఊరు తిరిగి పట్టిక వ్రాయవలెను. ఈ దినమున కెమెరా ప్రధానము కాదు. నడక, చూపు, కలము చాలును. పట్టికలో ప్రతి చిత్రమునకు ఐదు గడులుండవలెను: సంఖ్య, విషయము, నిలువవలసిన చోటు, అనుకూలమైన వేళ, తీసికొనవలసిన అనుమతి.

వేంపల్లె విషయమున ఇట్టి పట్టిక ఎట్లుండునో చూతము. పాపఘ్ని గట్టు వెంబడి నీరు తక్కువగా ఉన్నప్పుడు కొన్ని నిర్ణీత స్థలముల నుండి చిత్రములు. ఇవి సాక్ష్యము. తాగునీటి బోర్లు, ట్యాంకులు, మురుగుకాలువలు, అంగన్వాడీ భవనములు ఒక్కొక్కటి ముందునుండి, ప్రక్కనుండి, పాడైన భాగము దగ్గరనుండి. ఇవియు సాక్ష్యమే. సంత, దుకాణముల వీధులు, కడప బండలు పరచిన పాత అరుగులు, పొలములలో వేరుశనగ నూర్పిడి. ఇవి స్మృతికిని ప్రచారమునకును పనికివచ్చును. సమీపమున పాపఘ్ని పాలకొండలను చీల్చుకొని పారు గండి వద్ద వీరాంజనేయస్వామి క్షేత్రము, శ్రావణ శనివారములందు అచ్చటికి వచ్చు జనసమూహము మరి యొక శీర్షికగా ఉండును.

పట్టిక పొడవుగా ఉండుటకంటె నిశ్చితముగా ఉండుట మేలు. ‘ఊరిలోని బోర్లు’ అని వ్రాయుట చాలదు. ఏ వీధిలోని ఏ బోరో వ్రాయవలెను. పట్టికను పంచాయతీ సమావేశమున చదివి తీర్మానము చేసినచో, తరువాత ‘మా వీధిని వదలినారు’ అను మాటకు తావుండదు. అన్ని వాడల పేర్లును అందున్నవో లేవో సభ్యులు ప్రత్యేకముగా చూడవలెను. ఊరి నడుమ గల వీధులకే కెమెరా పరిమితమైనచో, చివరనున్న వాడల అవసరములు కాగితముపై కూడ చివరకే పోవును.

ఒప్పందము

నోటిమాటతో పని అప్పగించుట వివాదములకు మూలము. నిబంధనల ప్రకారము ధరల పత్రములు తెప్పించి, పోల్చి చూచి, పంచాయతీ తీర్మానముతో పని ఇవ్వవలెను. పోల్చునప్పుడు ధర ఒక్కటే చూడరాదు. ఫోటోగ్రాఫరు పూర్వము చేసిన పనిని తెప్పించి చూడవలెను. పెండ్లి చిత్రములు చక్కగా తీయువాడు చెరువుకట్టను స్పష్టముగా తీయగలడని నిశ్చయము లేదు.

ఒప్పంద పత్రమున ఈ క్రింది అంశములు తప్పక ఉండవలెను. పట్టికలోని చిత్రముల సంఖ్య. పనిచేయు దినములు, వానవలన ఆగిన యెడల మారుదినములు. తుది చిత్రములు ఎన్ని, ఏ పరిమాణమున, ఏ తేదీకి అందవలెను. సవరణలు ఎన్నిమారులు కోరవచ్చును. ప్రయాణము, భోజనము, సహాయకుని కూలి ఎవరు భరింపవలెను. సొమ్ము ఏ దశలో ఎంత చెల్లింపవలెను. సొమ్మును మూడు భాగములుగా, పని మొదలునందు కొంత, చిత్రీకరణ ముగిసినపుడు కొంత, అప్పగింత సరిచూచిన పిమ్మట మిగిలినది చెల్లించుట ఉభయులకు క్షేమము. అంతయు ముందే ఇచ్చినచో పని సాగదీయబడును. అంతయు చివరకు ఆపినచో చిన్న స్టూడియో నడుపుకొను మనిషి పెట్టుబడి లేక ఇబ్బందిపడును.

హక్కుల విషయము చాలమందికి తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ఒకరు ప్రతిఫలమిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, వేరు ఒప్పందము లేనియెడల, తీయించుకొన్నవారే ప్రథమ హక్కుదారులు. అయినను చిత్రము తనదని చెప్పుకొను నైతిక హక్కు తీసినవానికి ఉండును. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రముల కాపీరైటు తీసినవాని జీవితకాలము, ఆ పైన 60 సంవత్సరములు ఉండును. కావున చిత్రములను పంచాయతీ దేనికి వాడుకొనవచ్చును, ఫోటోగ్రాఫరు తన పని చూపుకొనుటకు వాడుకొనవచ్చునా, అచ్చువేసినప్పుడు ఆతని పేరు వేయవలెనా అను మూడింటిని పత్రమున స్పష్టముగా వ్రాసికొనుట మంచిది. పేరు వేయుటకు ఖర్చు లేదు, గౌరవము కలదు.

వెలుతురు, కాలము

రాయలసీమలో ఎండ తీక్షణము. వేసవిలో నడిమధ్యాహ్నము తీసిన చిత్రమున ముఖములపై కంటిగుంతలు నల్లబడి, సున్నము వేసిన గోడలు తెల్లగా వెలిసిపోవును. మనుష్యులను, ఊరి దృశ్యములను ఉదయము సూర్యోదయమైన రెండు గంటలలోపు, సాయంకాలము ప్రొద్దుగ్రుంకుటకు ముందు రెండు గంటలలో తీయుట ఉత్తమము. మధ్యాహ్నవేళను ఇంటిలోపలి పనులకు, కార్యాలయములకు, నీడపట్టున పనిచేయు వృత్తులవారికి వినియోగింపవచ్చును. గండి వంటి ఇరుకు లోయలలో కొండనీడ వలన ఉదయపు వెలుగు ఆలస్యముగా దిగును, సాయంకాలము త్వరగా పోవును. అందుచేత ముందుగా ఒకనాడు పోయి వేళ గుర్తించుట అవసరము.

ఋతువును కూడ ఎంచుకొనవలెను. గట్లు, కట్టలు, తూముల స్థితి ఎండకాలమున స్పష్టముగా కనబడును. నీటి నిలువ, పంటల పచ్చదనము వానల తరువాత కనబడును. కనుక పని అంతయు ఒక్క వారములో ముగింపవలెనని తొందరపడక, సంవత్సరమున రెండు విడతలుగా ఏర్పాటు చేసికొనుట లాభకరము.

ముందు, నడుమ, తరువాత

నిర్మాణ పనులకు ఒక్క చిత్రము చాలదు. పనికి ముందు, జరుగుచుండగా, ముగిసిన పిమ్మట మూడు చిత్రములు ఒకే చోట నిలిచి, ఒకే దిక్కునకు తీయవలెను. ఇందుకై నిలిచినచోట ఒక రాతిని పాతి గుర్తు పెట్టుటయు, చిత్రమున మారని వస్తువు, అనగా ఒక చెట్టో, గుడిగోపురమో, కరెంటు స్తంభమో, తప్పక పడునట్లు చూచుటయు మేలు. కొలత తెలియుటకు ఒక కొలబద్దను లేదా మనిషిని ప్రక్కన నిలుపవలెను.

ఉపాధిహామీ పనులలో ఈ పద్ధతిని కేంద్ర ప్రభుత్వము దేశమంతట ప్రవేశపెట్టినది. 2016లో ముగిసిన పనులకు స్థాన సూచనతో కూడిన చిత్రములు, 2017 నుండి మూడు దశల చిత్రములు తీయించు ఏర్పాటు చేయబడినది. 2023 జనవరి 1 నుండి కూలీల హాజరును దినమునకు రెండుమారులు చిత్రముతో నమోదు చేయుట విధింపబడినది. కాని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే, కొన్నిచోట్ల పనికి సంబంధములేని చిత్రములను, పాత చిత్రమునకు తిరిగి తీసిన చిత్రములను ఎక్కించుచున్నారని గుర్తించి రాష్ట్రములను హెచ్చరించినది. దీనివలన తెలియునదేమన, యంత్రము ఎంత గొప్పదైనను తనంత తాను నిజము చెప్పదు. చిత్రమును సరిచూచు మనుష్యులు ఉన్నప్పుడే అది సాక్ష్యమగును. ఆంధ్రప్రదేశమున 2006 నుండి జరిగిన సామాజిక తనిఖీలు నేర్పిన పాఠమును ఇదియే: లెక్కను జనుల ఎదుట చదివినప్పుడే లెక్కకు విలువ.

సాక్ష్యపు చిత్రములలో మార్పులు చేయరాదు. వెలుతురు సవరించుట, వంకర తీర్చుట వరకు తప్పు లేదు. చెత్తకుప్పను తుడిచివేయుట, బీటను కప్పివేయుట, లేని నీటిని చేర్చుట మోసము. ఈ షరతు ఒప్పందమున వ్రాయవలెను.

అనుమతులు, గౌరవము

గుడిలోపల తీయుటకు దేవస్థాన అధికారుల అనుమతి, అడవిలో తీయుటకు అటవీశాఖ అనుమతి ముందే పొందవలెను. డ్రోను ఎగురవేయవలసినచో 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము డిజిటల్ స్కై పటమునందు ఆ ప్రదేశము ఏ వలయమున ఉన్నదో చూచి, యంత్రమునకు నమోదు సంఖ్యయు, నడపువానికి అవసరమైన ధ్రువపత్రమును ఉన్నవని రూఢి చేసికొనవలెను.

మనుష్యుల అనుమతి అంతకంటె ముఖ్యము. ఫోటో ఎందుకు తీయుచున్నారో, ఎక్కడ అచ్చువేయుదురో వారికి తెలుగులో చెప్పి, సమ్మతి వ్రాయించుకొనవలెను. సంతకము రానివారికి చదివి వినిపించి వ్రేలిముద్ర తీసికొనవలెను. వద్దన్నవారిని బలవంతపెట్టరాదు. పింఛను లేదా బియ్యము అందుకొనువారిని, ‘ఫోటోకు నిలువనిచో ఇవ్వము’ అను భావము కలుగునట్లు నిలుపుట అన్యాయము. పిల్లల చిత్రములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెను. నేరమునకు గురియైన పిల్లలను గుర్తింపదగు చిత్రములను వెల్లడించుట చట్టరీత్యా నేరము. స్త్రీల చిత్రములు తీయుచోట సహాయకురాలు ఒకరు తోడుండుట ఉచితము. దీనదయాళ్ 1892లో గ్రహించిన ఈ విషయమును మనము నేడు మరువరాదు.

ఎంపిక, అప్పగింత

చిత్రీకరణ ముగిసిన దినముననే కార్డులోని చిత్రములను రెండు వేరు వేరు డిస్కులలోనికి ఎక్కించిన పిమ్మటనే కార్డును ఖాళీ చేయవలెనని షరతు ఉండవలెను. తరువాత ఫోటోగ్రాఫరు పట్టికలోని ప్రతి సంఖ్యకు రెండు మూడు చిత్రములను చిన్న పరిమాణమున చూపును. పంచాయతీ పక్షమున ఎంపిక చేయు బాధ్యతను ఇద్దరికి మించి అప్పగింపరాదు. పదిమంది పది విధములుగా చెప్పినచో పని తెగదు.

తుది చిత్రముల పరిమాణమును గూర్చి ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. మంచి అచ్చునకు అంగుళమునకు 300 పిక్సెళ్లు కావలెను. మామూలు ఏ–4 కాగితము నిండుటకు 2,480 పిక్సెళ్ల వెడల్పు, 3,508 పిక్సెళ్ల పొడవు, అనగా సుమారు 87 లక్షల పిక్సెళ్లు అవసరము. గోడకు తగిలించు 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల పటమునకు 3,600, 5,400 పిక్సెళ్లు, అనగా సుమారు 1 కోటి 94 లక్షల పిక్సెళ్లు కావలెను. వాట్సాప్‌లో సాధారణ ఫోటోగా పంపినది కుదించుకొనిపోవును, తీసిన తేదీ, స్థలము వివరములును పోవును. కాబట్టి అప్పగింత డిస్కు రూపముననే జరుగవలెను. చూచుటకు మాత్రము ఫోనునకు పంపవచ్చును.

ప్రతి చిత్రమునకు వివరణ వ్రాయించుకొనుట మరువరాదు. విషయము, వీధి, దిక్కు, తేదీ, అందున్నవారి సమ్మతి, తీసినవారి పేరు అను ఆరు వివరములు లేని చిత్రము పదేండ్ల తరువాత ఎవరికిని అర్థము కాదు. ఫైలు పేరునందే గ్రామము, పట్టిక సంఖ్య, తేదీ వచ్చునట్లు చూడవలెను. అప్పగింతనాడు పట్టిక చేతబట్టుకొని ఒక్కొక్క సంఖ్యను సరిచూచి, లోపించినవానిని గుర్తించి, గడువు వ్రాసి, అటుపిమ్మటనే తుది సొమ్ము చెల్లింపవలెను.

భద్రపరచుట

మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒకటి వేరొక ఊరిలో: ఇది లోకమంతట వృత్తిదారులు పాటించు సూత్రము. ఒక డిస్కు పంచాయతీ కార్యాలయమున, రెండవది మండల కార్యాలయమున, మూడవ ప్రతి ఇంటర్నెట్ నిల్వలో ఉంచవచ్చును. వరదలో కార్యాలయము మునిగినచో నష్టమును నిరూపించు చిత్రములే మునిగిపోరాదు గదా! ఏటేట ఒకమారు డిస్కులను తెరచి చూచి, అయిదారేండ్ల కొకసారి క్రొత్తవానిలోనికి మార్చుకొనవలెను. ముఖ్యమైన చిత్రములను మంచి కాగితముపై అచ్చువేయించి, వెనుక వివరణ వ్రాసి, ఆల్బముగా కార్యాలయమున ఉంచినచో, కరెంటు లేని వేళను సయితము చూడవచ్చును.

కార్యదర్శి మారినప్పుడు, పాలకవర్గము మారినప్పుడు ఈ డిస్కులు, ఆల్బము చేతులు మారినట్లు రిజిస్టరులో సంతకములు చేయించవలెను. పంచాయతీ ఆస్తుల జాబితాలో ఇవి కూడ ఆస్తులే.

సభ్యులకు మనవి

చిత్రములు పెట్టెలో దాచుటకు మాత్రమే కాదు. వానిని గ్రామసభయందు తెరపై ప్రదర్శించి, ‘మూడేండ్ల క్రిందట ఈ కాలువ ఇట్లుండెను, నేడు ఇట్లున్నది, ఖర్చు ఇంత’ అని చూపినచో జనులకు పంచాయతీపై విశ్వాసము పెరుగును. ఎక్కడైన పని చెడిన యెడల అదియు అందరికి తెలియును. దానికి జంకవలసిన పని లేదు. చెడినది తెలిసినప్పుడే బాగుచేయుటకు దారి దొరకును.

మొదటి సంవత్సరము పెద్ద పని తలపెట్టనక్కరలేదు. వానకాలమునకు ముందు వాగుగట్లు, చెరువుకట్టలు, నీటి బోర్లు, పాఠశాల, అంగన్వాడీ భవనములు మాత్రము పట్టికగా వ్రాసి, పై విధమున తీయించి భద్రపరచుకొనుడు. తక్కిన శీర్షికలను ఏటేట చేర్చుకొనవచ్చును. వచ్చు సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్చవలసినదిగా సభ్యులకు మనవి.